మా తాత బీడు

బెంగళూరుకి ఉత్తరాన బాగలూరు దాటి కొంచెం ముందుకు పోతే ఇప్పుడు రోడ్డుకి రెండు పక్కలా కాంపౌండ్ గోడలు, విల్లా బోర్డులు తప్ప ఏం కనపడవు గానీ, అక్కడే లోపలికి మాకు ఒక బీడు ఉండేది. బీడు అని పేరే, నాకు ఊహ తెలిసేసరికి అందులో ఆవు మూతి పెట్టడానికి గడ్డి పరక లేదు, మొత్తం లంటానా కంప, మనిషి ఎత్తు దాటి పెరిగి, లోపలికి కుక్క దూరాలన్నా ఒకసారి ఆలోచించుకునేది. పండిన నల్ల కాయల కోసం పిల్లలం అంచుల దాకా పోయేవాళ్ళం, మోచేతుల దాకా గీతలు, చేతులకి ఆ ఘాటు వాసన, ఇంటికొస్తే అవ్వ చేతిలో దెబ్బలు. ఆ కంపని మా తాత మళ్ళీ మేత బీడు చేశాడు. 1980ల చివరి సంగతి, బెంగళూరులో బీటీఎస్ సిటీ బస్సులు తిరిగే కాలం, ఎయిర్‌పోర్ట్ అంటే హెచ్‌ఏఎల్ ఒక్కటే.

మేము బెంగళూరు తెలుగోళ్ళం, ఉద్యోగానికి వచ్చి సెటిలైన వాళ్ళం కాదు, ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, అట్లా తరాలుగా ఇక్కడే. మా తెలుగు వింటే విజయవాడ వాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

కంప ఎట్లా వచ్చిందంటే ఎవరూ తేలేదు, ఆవులు పోయినాయి కాబట్టి వచ్చింది. తాత చిన్నప్పుడు ఇంట్లో హళ్ళికార్ ఎద్దులు, నాటావుల మంద ఉండేదట, పొద్దున ఇప్పితే మళ్ళీ మునిమాపుకే కొట్టంలోకి, మేతంతా బీడులో, పక్కనే ఉన్న గోమాళంలో (ఊరి పశువుల మేతకి వదిలిన ఉమ్మడి భూమి). తర్వాత బోరుబావి వచ్చింది, ద్రాక్ష తోట వచ్చింది (దేవనహళ్ళి వైపు నల్ల ద్రాక్ష, బెంగళూరు బ్లూ అంటారే అదే), ఊళ్ళో పాల డైరీ వచ్చింది, డైరీ వెంబడే సీమావులు, అంటే విదేశీ జాతి ఆవులు వచ్చినాయి. సీమావుని బీడుకి ఎవరు తోలతారు, కొట్టంలోనే కట్టేసి దాణా పెడతారు. ఎద్దుల పని ట్రాక్టరు చేసేసింది, మంద అమ్ముడుపోయింది. మేసే నోరు లేక గడ్డి ముదిరిపోయింది, ముదిరిన గడ్డి మధ్యలో పిట్టలు రెట్ట వేసిన చోటల్లా లంటానా లేచింది. 1800ల మొదట్లో తెల్లోళ్ళు కలకత్తా తోటలో పూల అందం చూసి పెట్టుకున్న మొక్క అంట అది, మన పికిలిపిట్టలు, గోరింకలు దాని కాయలు తిని దేశమంతా చల్లినాయి. గోమాళం సంగతి ఇంకా ఘోరం. వంద పశువులకి 30 ఎకరాల లెక్కన మేతకి వదలాలని కర్ణాటక రెవెన్యూ రూల్స్‌లోనే ఉంది, కాగితంలో గోమాళం గోమాళమే, నేల మీద మాత్రం ఒక పక్క నీలగిరి తోపు, ఒక పక్క రాళ్ళు తీసిన గుంత, మిగిలినదంతా కంప. మా బీడు దాన్ని ఆనుకునే ఉంది, మధ్యలో గట్టు కూడా కనపడేది కాదు.

తాతకి పట్టుదల వచ్చింది మాత్రం ఒక ఆవు వల్ల. ఆ ఎండాకాలం రాగి గడ్డి వామి అడుగుకి వచ్చేసింది, నలుపు తెలుపు సీమావు ఒకటి పలుపు తెంచుకుని బీడు వైపు పోయి ఆకలికి లంటానా ఆకు మేసింది. మామూలుగా ఆవులు దాని జోలికి పోవు, వాసనకే మూతి తిప్పుకుంటాయి, ఇంకేమీ లేనప్పుడే తింటాయి. నెమరు ఆగింది, పేడ గట్టిపడింది, కళ్ళు పచ్చబడినాయి. ఆ తర్వాత చూసింది మాత్రం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది, ఒంటి మీద తెల్ల మచ్చలున్న చోటల్లా తోలు ఎర్రగా కమిలి పెచ్చులు లేచింది, నల్ల తోలు మాత్రం చెక్కు చెదరలేదు, తెలుపు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే పుండు ఆగింది. పశువుల డాక్టరు స్కూటర్ మీద వచ్చి చూసి, లంటానా విషం ముందు కాలేయాన్ని పడుతుంది, కాలేయం చెడితే ఒంట్లో పేరుకునే దానికి ఎండ తగిలి తోలు కాలిపోతుంది, నల్ల తోలుకి ఆ రంగే అడ్డం అని చెప్పి, చీకటిగా ఉండే చోట కట్టెయ్యమన్నాడు, బొగ్గు పొడి నీళ్ళలో కలిపి తాగించమన్నాడు. ఆవు బతికింది గానీ ఆ ఈత పాలు పోయినట్టే. తాత రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు, తర్వాత చిన్నాయనని పిలిచి, "మేత బీడు పెట్టుకోని ఆవుకి విషం పెడ్తాండామురా" అన్నాడు.

చిన్నాయన నిప్పు పెట్టేద్దామన్నాడు. ఊళ్ళో ఎవరినడిగినా అదే మాట, ఒక అగ్గిపుల్లతో పోయే పనికి కూలి ఎందుకని. తాత ఒప్పుకోలేదు, గోమాళంలో ఏటేటా ఎవరో ఒకరు అంటిస్తానే ఉండారు, కాలిన మొదలు నుంచి వాన పడంగానే పది పిలకలు లేస్తాండాయి, చూసే కళ్ళు లేవా మీకు అన్నాడు. ట్రాక్టర్‌తో దున్నించేద్దాం అంటే అదీ వద్దన్నాడు, పై మట్టి బెత్తెడే, కింద అంతా గరుసు, దాన్ని తిరగేస్తే ఇంక గడ్డి దేనిమీద మొలుస్తుంది.

ఏప్రిల్‌లో మామిడి జల్లులు పడి నేల కొంచెం మెత్తబడినాక పని మొదలైంది. ముందు మచ్చుకత్తితో పై కొమ్మలు కొట్టి పంగల కర్రతో పక్కకి లాగాలి, అప్పుడు మొదలు కనపడుతుంది. మొదలు చుట్టూ పికాసితో మట్టి తీస్తే కాండం, వేరు కలిసే చోట ఒక బుడిపె ఉంటుంది, దెబ్బ దాని కింద పడాలి. బుడిపె నేలలో మిగిలిందా, పనంతా గంగలో పోసినట్టే, పిలకలన్నీ అక్కడినుంచే వస్తాయి. తాత ప్రతి గుంత దగ్గరికీ పోయి వంగి చూసేవాడు, కూలోళ్ళకి విసుగొచ్చేది. పీకిన మొదళ్ళని వేర్లు ఆకాశానికి పెట్టి తలకిందులుగా కుప్ప వేయించేవాడు, మట్టి తగిలితే మళ్ళీ పట్టుకుంటుందని. చాలా ఏళ్ళ తర్వాత ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సి.ఆర్. బాబు గారు అడవుల్లో లంటానా తియ్యడానికి దాదాపు ఇదే పద్ధతి పెట్టారని చదివాను, అప్పటికి తాత లేడు, ఉంటే "దానికి ప్రొఫెసర్ ఎందుకప్పా" అనేవాడు ఖచ్చితంగా.

నా డ్యూటీ మధ్యాహ్నం గంప మొయ్యడం. రాగి ముద్దలు, బస్సారు (ఆకుకూర, పప్పు ఉడికిన నీళ్ళతో పెట్టే చారు), ఉల్లిగడ్డలు, అవ్వ గుడ్డ కప్పి ఇచ్చేది. ఎండిన కంప చాలావరకు ఇంటి వెనక నీళ్ళు కాచే హండె కిందకి పోయింది, ఆ సంవత్సరమంతా మా ఇంట్లో వేడినీళ్ళకి కరువు లేదు. కానుగ చెట్లు, తుమ్మలు, తంగేడు పొదలు తాత ముట్టుకోనీలేదు, కాకపోతే ఆ చెట్ల కిందే మళ్ళీ మళ్ళీ లంటానా మొలకలు వచ్చేవి, పిట్టలు కూర్చునేది అక్కడే కదా. స్కూలు నుంచి వచ్చే దారిలో చెట్ల కింద మొలకలు పీకి రావడం మా పిల్లల పని, వేలెడు ఉన్నప్పుడు రెండు వేళ్ళతో వచ్చేస్తుంది, వదిలేస్తే మళ్ళీ పికాసి కావాలి.

కంప పోయి నేల కనపడితే అవ్వ కూడా వచ్చి చూసి మెచ్చుకుంది. జూన్ వానలు పడినాయి, కొన్ని రోజులకి బీడంతా పచ్చగా లేచింది, ఊళ్ళో వాళ్ళు ఆహా అన్నారు, దగ్గరికి పోయి చూస్తే మొత్తం కాంగ్రెస్ గడ్డి, ఆంధ్రా వైపు వయ్యారిభామ అంటారే అదే. కంప నీడకి ఎన్నేళ్ళుగా నేలలో పడి ఉన్న గింజలో, వెలుతురు తగలంగానే లేచినాయి. ఒక్క మొక్కకి వేలల్లో గింజలు, 15,000 పైనే అంటారు. ఆవులు తింటే పాలు చేదు, మనిషికి తగిలితే దద్దుర్లు. పూత రాకముందే పీకాలని తాత పట్టుబట్టాడు, ఆడోళ్ళు చేతులకి గుడ్డలు చుట్టుకుని పీకారు, అయినా తాత మెడ, మోచేతులు ఎర్రగా పొక్కిపోయి రాత్రంతా కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చునేవాడు.

అప్పుడే మేము ఆ పురుగుల్ని చూసింది. చిన్నవి, గుండ్రంగా, తెల్లటి వీపు మీద వంకర టింకర గోధుమ గీతలు, కాంగ్రెస్ గడ్డి మీద తప్ప కనపడేవి కావు, ఆకులు తినేసి కాడలు మిగిల్చేవి. అగ్గిపెట్టెల్లో పట్టుకుని స్కూలుకి తీసుకెళ్ళేవాళ్ళం. తర్వాత తెలిసింది, అవి మెక్సికో పురుగులంట, 1983లో తెప్పించి టెస్ట్ చేసి 1984లో మన బెంగళూరులోనే మొదట వదిలారు, హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ సైంటిస్టుల పని అది. పొద్దుతిరుగుడు మీద కూడా కనపడుతున్నాయని తర్వాత పెద్ద గొడవ అయింది. నా మట్టుకు నేను వాటి పక్షమే. అయితే వానలున్నన్నాళ్ళే వాటి పని, ఎండలు రాంగానే మట్టిలోకి దిగి పడుకుంటాయి, మిగిలింది మనిషి చెయ్యాల్సిందే.

గింజల కోసం తాత నన్ను వెంటపెట్టుకుని హెసరఘట్ట పోయాడు, యలహంకలో బస్సు మారి. అక్కడ పశువుల ఫారాలు, మేత విత్తనాల కేంద్రం, చుట్టూ కనుచూపు మేర గడ్డి. గడ్డిని అంతంత దూరం చూడటం నాకు అదే మొదటిసారి. తాత అక్కడి ఆఫీసర్‌తో చాలాసేపు మాట్లాడి అంజన గడ్డి గింజ, స్టైలో అనే పప్పుజాతి మేత మొక్క గింజ తెచ్చాడు. అంజన గడ్డి గింజ నూగుగా దూది ముక్కల్లాగా ఉంటుంది, చల్లితే గాలికి పోతుంది, అందుకని ఇసకలో, పేడలో కలిపి చల్లాలి. స్టైలోది ఇంకో తంటా, పైన పొట్టు గట్టిది, అట్లాగే చల్లితే సగం మొలవవు, 80 డిగ్రీల నీళ్ళలో నాలుగైదు నిమిషాలు ఉంచి తియ్యాలని రాసిచ్చారు. మా ఇంట్లో థర్మామీటర్ ఎక్కడిది, అవ్వ హండె దగ్గర నిలబడి నీళ్ళు తెరలకముందు, అడుగున చిన్న చిన్న బుడగలు లేచేటప్పుడు దించి, గింజల మూట అందులో ముంచి, తాంబూలం కట్టి నోట్లో వేసుకునేంత సేపు ఉంచి తీసేది. మొలిచినాయి, బ్రహ్మాండంగా మొలిచినాయి. పికాసి గీతలో వెయ్యకుండా పైపైనే చల్లి, తుమ్మ కంప ఒకటి తాడుకి కట్టి నేల మీద ఈడ్చితే అంతే, లోతుకి పోతే ఆ చిన్న గింజ పైకి రాలేదు. కంప ఈడ్చింది నేనే, దాని మీద బరువుకి మా చెల్లెల్ని కూర్చోబెట్టి అవ్వకి దొరికిపోయాం, ఆ సంగతి ఇంకోసారి రాస్తా.

ఇంతవరకు చేసిందంతా ఒక ఎత్తు, ఆ తర్వాత ఏమీ చెయ్యకుండా ఉండటం ఒక ఎత్తు. మొదటి సంవత్సరం ఒక్క పశువు కూడా లోపలికి పోకూడదు అన్నాడు తాత. ఊరంతా ఎండిపోయి ఉంటే మా బీడులో మోకాలి దాకా గడ్డి, ఏ ఇంట్లో ఊరుకుంటారు చెప్పండి. కంపతోనే చుట్టూ దడి కట్టించాడు, రాత్రి ఎవరో తీసేవాళ్ళు, పొద్దున మళ్ళీ కట్టేవాళ్ళం. ఎక్కువ గొడవ ఇంట్లోనే, సొంత ఆవులకి గడ్డి కొనుక్కొచ్చి పెడుతూ బీడుకి దడి కట్టే మొగుణ్ణి ఎక్కడా చూడలేదని అవ్వ వీధి వినేటట్టు అనేది. గొర్రెలు కాసే ఆయన ఒకడు, మేము మామా అని పిలిచేవాళ్ళం, ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని బీడీ వెలిగించి అడిగేశాడు.

"ఏమన్నా, బీడుకి బీగం వేసినావంట?"

"బీగం లేదప్పా, గింజ రాలనీ. రాలినాక నీ గొర్రెలే ముందు."

"రాలేలోపు నా గొర్రెలు రాలిపోతాయి."

తాత నవ్వలేదు. ఇద్దరూ చాలాసేపు అట్లాగే కూర్చున్నారు, చివరికి తేలింది ఏందంటే, గింజ రాలిన తర్వాత కొడవలితో కోసి మోసుకుపోవచ్చు, మామకీ అందులో మోపులు. గడ్డి కొయ్యడం అంటే నామోషీగా ఆ మోపులు మోసుకుపోయిన మామే, మరుసటి వేసవిలో తాత పిలవకుండానే వచ్చి బీడులో మంద పెట్టాడు, రాత్రికొక చోట గొర్రెల్ని నిలిపి, పొద్దున దడి జరిపి, ఆ పెంట, పంచితం పడిన చోటల్లా వానకి గడ్డి ముదురు ఆకుపచ్చగా లేచింది, మంద ఏ రాత్రి ఎక్కడ ఆగిందో చూసి చెప్పేయొచ్చు.

రెండో ఏడు వానలు కుదిరినాక ఆవుల్ని తోలారు, అదీ బీడుని నాలుగు ముక్కలు చేసి. ఒక ముక్కలో మేస్తుంటే మిగతా మూడూ ఖాళీ. గడ్డి నాలుగు వేళ్ళ ఎత్తుకి వస్తే ఇంక ఒక్క పూట కూడా ఉంచేవాడు కాదు, పక్క ముక్కకి తోలెయ్యడమే, నాలుగు వేళ్ళు మిగలకపోతే దానికి ఊపిరి ఉండదురా అనేవాడు. తిరిగి అదే ముక్కకి వచ్చేసరికి నెల దాకా పట్టేది. మేము నాటనిది కూడా వచ్చింది, గరిక కింద నుంచి తనంతట తను అల్లుకుంది. స్టైలో అయితే ఆవుల పేడలో పడి గోమాళంలోకి కూడా పోయింది, దడి దాన్ని ఏం ఆపుతుంది.

ఒకసారి తీతువు పిట్ట రాళ్ళ మధ్యలో గుడ్లు పెట్టింది, గూడు గీడు ఏమీ లేదు, నేల మీదే చిన్న పల్లంలో నాలుగు మచ్చల గుడ్లు, రాయికీ గుడ్డుకీ తేడా తెలియదు, పక్కన కాలు పెట్టినా కనపడదు. పిట్ట మాత్రం మన నెత్తి మీదే తిరుగుతూ ఒకటే గోల. తాత చుట్టూ నాలుగు పెద్ద రాళ్ళు దొర్లించి పెట్టాడు, ఆవులు వాటిని చుట్టి పోయేవి. ఆ సంవత్సరం ఘాటి సుబ్రహ్మణ్య పశువుల పరసలో రెండు నాటావుల్ని కూడా కొనుక్కొచ్చాడు, డైరీకి పాలు పోసే లెక్కలో అది దండగే, అవ్వ ఆ మాట కూడా అంది. సంక్రాంతికి పసుపు రాసి, కొమ్ములకి బెలూన్లు కట్టి, మునిమాపు వేళ ఊరి బయట కిచ్చు (గడ్డి మంట) దాటిస్తుంటే సీమావులు బెదిరి అడ్డం తిరిగినాయి, ఆ రెండు నాటావులు మాత్రం మంట మీద నుంచి ఎగిరి దూకి నేరుగా బీడు దారి పట్టినాయి, వెనక తాత పంచె ఎగ్గట్టి పరుగు.

తాత పోయినాక చిన్నాయన కొన్నాళ్ళు నడిపాడు. 2008లో దేవనహళ్ళి ఎయిర్‌పోర్ట్ తెరిచే నాటికే ఆవుల కంటే ఆవులు నిలబడే నేల రేటు ఎక్కువైపోయింది. చాలా భాగం అమ్మేశారు, నేనేం తప్పు పట్టను, నా ఇంజినీరింగ్ ఫీజు అందులోంచే వచ్చింది. కొన్నవాళ్ళు గోడ కట్టి వదిలేశారు, మేసే నోరు లేదు, కొన్నేళ్ళకే గోడ లోపల మళ్ళీ లంటానా.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ వాళ్ళు ఆదివారం ఆదివారం ఖాళీగా ఉన్న గడ్డి భూమి వెతుక్కుని చెట్లు నాటడానికి పోతుంటారు, ఫోటోలు బాగానే వస్తాయి. గడ్డి ఉంటే అది ఖాళీ అని ఎవరు చెప్పారో నాకు అర్థం కాదు. హెసరఘట్టలో మిగిలిన 5,000 పైచిలుకు ఎకరాలకి కూడా అదే గతి పట్టేది, ఫిల్మ్ సిటీ మాట ఎన్నేళ్ళు నలిగిందో, 2024లో కన్జర్వేషన్ రిజర్వ్‌కి రాష్ట్ర వైల్డ్‌లైఫ్ బోర్డు ఒప్పుకుందంటే కాస్త నిమ్మళం. లాల్‌బాగ్‌లో లంటానా కట్టెతో చేసిన ఏనుగుల్ని పెట్టినప్పుడు మా పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాను, వాళ్ళకి ఏనుగులు నచ్చినాయి, నాకు ఆ కట్టె చూస్తే చేతులు మంట పుట్టింది.

అమ్మగా మిగిలిన ముక్కలో చిన్నాయన కొడుకు ఇప్పుడు మేకలు పెట్టాడు, బక్రీద్‌కి బాగా పోతాయి. కంప తీయించడానికి జేసీబీ పిలుస్తానంటే పోరాడి ఆపాను, పికాసి మనుషులు ఇప్పుడు దొరకరన్నా అంటూనే మనుషుల్ని పెట్టించాడు, బుడిపె కిందే కొట్టించాడు, ఆ మాట చెప్పుకోవాలి. స్టైలో గింజ ఆన్‌లైన్‌లో తెప్పించి చల్లాడు. పోయిన వారం ఫోన్ చేసి, "సగం కూడా మొలవలేదన్నా, మోసం గింజ ఇచ్చినట్టుండారు" అన్నాడు. వేడి నీళ్ళలో వేసినావా అని అడిగితే, "ప్యాకెట్ మీద రాయలేదే" అన్నాడు. గింజ ఇంకా కొంచెం మిగిలి ఉందంట, ఈ ఆదివారం పోతున్నా, ఈసారి థర్మామీటర్ తీసుకుని.